పొగ ఒక దిక్కున, పైలట్ ఇంకో దిక్కున: తాడ్వాయి అడవి అంచున ఒక గాలింపు

వైమానిక దళంలో ఇరవై ఏళ్లు నేను చేసిన పని పారాచూట్లు మడవడం, పైలట్ సీటులో ఉండే సర్వైవల్ ప్యాక్ (దిగాక బతకడానికి కావాల్సిన నీళ్లు, విజిల్ లాంటి సామాను) సర్దడం. మడిచిన ప్రతి పారాచూట్‌కూ ఒక కార్డు ఉంటుంది, దాని మీద మడిచినవాడి సంతకం ఉంటుంది. సంతకం పెట్టి వచ్చిన రోజు రాత్రి నిద్ర పట్టకపోతే ‘ఆ తాడు సరిగ్గానే సర్దానా?’ అని అనుమానం వచ్చేది. పారాచూట్ తెరుచుకుని మనిషి నేల మీదకు దిగాక ఏమవుతుందో మాత్రం ఆ ఇరవై ఏళ్లలో పెద్దగా ఆలోచించలేదు. అది వేరేవాళ్ల డ్యూటీ అనుకునేవాణ్ణి.

రిటైరై హన్మకొండలో ఇల్లు కట్టుకున్నాక కాలేజీ పిల్లలకు విపత్తుల సమయంలో ఎలా పనిచేయాలో నేర్పే పని నెత్తికెత్తుకున్నాను. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి నీట మునిగింది. అదే వారం ముత్యంధార జలపాతం చూడ్డానికి వెళ్లిన దాదాపు 80 మంది వాగు పొంగి అడవిలో చిక్కుకుపోయారు. ఇవన్నీ కళ్లముందు జరిగాక పిల్లల్లో ఊపొచ్చింది. తాళ్లు, పడవలు, ప్రథమ చికిత్స అన్నీ నేర్చుకున్నారు. అడవిలో మనిషిని వెతకడం ఒక్కటే మిగిలింది. దానికి నాకు తెలిసిన కథే పెట్టాను: ఫైటర్ జెట్ కూలింది, పైలట్ సీటుతో సహా బయటికి దూకాడు, ఎక్కడున్నాడో తెలియదు.

ఇక్కడ రాసేది నిజంగా జరిగిన ప్రమాదం గురించి కాదని ముందే చెబుతున్నాను. ఇది మేం చేసిన మాక్ డ్రిల్. పైలట్ వేషం వేసింది మా వాలంటీరే. అందులో దొర్లిన తప్పులు మాత్రం నిజమైనవి, వాటిలో పెద్దది నాది. అందుకే రాస్తున్నాను.

‘వరంగల్ దగ్గర ఫైటర్ ఎందుకు పడుతుంది సార్?’ అని పిల్లలు నవ్వారు. మామునూరులో ఉన్నది నిజాం కాలం నాటి ఎయిర్‌స్ట్రిప్, నిజమే. కానీ ఆకాశానికి జిల్లా సరిహద్దులుండవు. దుండిగల్, హకీంపేట, బీదర్, మూడు చోట్లా వైమానిక దళం శిక్షణ విమానాలు ఎగురుతుంటాయి. 2018 నవంబర్ 28న హకీంపేట నుంచి లేచిన కిరణ్ విమానం యాదగిరిగుట్ట దగ్గర బాహుపేటలో కూలింది, పైలట్ పారాచూట్‌తో దిగి బతికాడు. అది మన వరంగల్ హైవే పక్క ఊరే. 2023 డిసెంబర్ 4న తూప్రాన్ దగ్గర పిలాటస్ శిక్షణ విమానం కూలి ఇద్దరు చనిపోయారు. చదును నేల, ఊళ్లు దగ్గర దగ్గరగా ఉన్న చోట జనమే పరుగెత్తుకొస్తారు. అదే తాడ్వాయి అడవిలోనో, ఏటూరునాగారం అవతలో అయితే?

అడవి ఎంత దాస్తుందో తెలుగువాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. 2009 సెప్టెంబర్ 2న రాజశేఖరరెడ్డి గారి హెలికాప్టర్ నల్లమలలో కనబడకుండా పోయింది. సుఖోయ్ యుద్ధ విమానాలు తిరిగాయి, ఇస్రో ఉపగ్రహాల సాయం తీసుకున్నారు, చెంచులు, పోలీసులు అడవిలోకి వెళ్లారు. గుట్ట మీద శకలాలు కనబడేసరికి మరునాడు పొద్దునైంది. 2019లో అస్సాంలోని జోర్హాట్ నుంచి అరుణాచల్‌లోని మెచుకా వెళ్తున్న ఏఎన్-32 కోసం జూన్ 3 నుంచి 11 దాకా వెతికారు. అంత పెద్ద రవాణా విమానమే ఎనిమిది రోజులు దొరకలేదు. పారాచూట్‌తో దిగిన మనిషి దాని ముందు ఎంత? ఒక టేకు చెట్టు నీడ చాలు అతన్ని దాచేయడానికి.

డ్రిల్ ఎలా పెట్టామంటే

డిసెంబర్‌లో ఒక ఆదివారం. అనుమతి ఇచ్చిన మేరకే, అభయారణ్యం లోపలికి పోకుండా, పస్రా – తాడ్వాయి మధ్య అడవి అంచున. ఆ చుట్టుపక్కలే 2024 ఆగస్టు 31న సుడిగాలికి దాదాపు 200 హెక్టార్లలో 50 వేలకు పైగా చెట్లు నేలకూలాయి. అలా పడిన చెట్ల మధ్య నడవడం ఎలా ఉంటుందో మా వాళ్లకు తెలియాలని కొంత ఆ తరహా చోటు కూడా కలిసేలా చూసుకున్నాను.

టెంట్‌హౌస్‌కు గుడారాలు కుట్టే దర్జీ చేత నారింజ, తెలుపు పట్టీలతో ఐదు మీటర్ల గుడ్డ పారాచూట్ ఒకటి కుట్టించాను. తెల్లారకముందే దాన్ని ఒక చెట్టుకు వేలాడదీశాం. ఎన్‌సీసీ కుర్రాడొకడు పైలట్. చేతిలో చిన్న రేడియో ట్రాన్స్‌మిటర్.

దాని గురించి ఒక్క మాట. అసలు పైలట్ దగ్గర ఉండే బీకన్, అంటే ఆపద సంకేతం పంపే పరికరం, 406 మెగాహెర్ట్జ్ మీద ఉపగ్రహాలకు సంకేతం పంపుతుంది. మన దేశంలో ఆ హెచ్చరికలు బెంగళూరులోని ఇస్రో కేంద్రానికి చేరతాయి, అక్కడి నుంచి గాలింపు చేసేవాళ్లకు వెళ్తాయి. బీకన్‌లో జీపీఎస్ ఉంటే చోటు బాగా దగ్గరగా చెబుతుంది, లేకపోతే కొన్ని కిలోమీటర్ల తేడా రావచ్చు. దగ్గరికి వెళ్లాక 121.5 మెగాహెర్ట్జ్ మీద దాన్నుంచి వచ్చే శబ్దాన్ని పట్టుకుని పోవాలి. పాత రకం 121.5 బీకన్లను ఉపగ్రహాలు వినడం 2009 ఫిబ్రవరి 1తో ఆపేశాయి. ఈ రెండు ఫ్రీక్వెన్సీల మీదా డ్రిల్ పేరుతో ఎవరూ ఆడుకోకూడదు. ఎక్కడో నిజంగా ఆపదలో ఉన్నవాడి పిలుపు మన ఆట కింద కలిసిపోతుంది. అందుకని లైసెన్స్ ఉన్న హామ్ రేడియో (అభిరుచి కొద్దీ నడిపే రేడియో) మిత్రుడొకరు తన 144 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఏర్పాటు చేసిపెట్టారు. దాన్ని వెతికే యాంటెన్నా ఇనుప కొలత టేపు ముక్కలు, పీవీసీ పైపుతో చేసింది. ఖర్చు తక్కువ, చెట్ల మధ్య తగిలినా వంగుతుంది, విరగదు.

చేతికిచ్చిన సమాచారం ఇంతే: పొద్దున 7 గంటలకు రాడార్ మీద చివరిసారి కనబడ్డ చోటు, అప్పుడు నేల నుంచి ఎత్తు 2,400 మీటర్లు, పై గాలి వేగం 18 నాట్లు (గంటకు సుమారు 33 కిలోమీటర్లు), దిక్కు ఈశాన్యం. ఆ చోటికి ఆగ్నేయంగా ఐదు కిలోమీటర్ల దూరంలో, ఒక బీడు చేనులో తడి గడ్డి కాల్చి పొగ పెట్టాం. అదే విమానం కూలిన చోటు అన్నమాట. మొత్తం 31 మంది.

పొగ

పొగ లేవగానే 31 మందిలో 22 మంది బైకులెక్కి అటు పోయారు. ఎవరూ పొమ్మనలేదు. నేను మ్యాప్ మీద వేలు పెట్టేలోపే పోయారు. ఎనిమిదిన్నరకు పొగ చుట్టూ నిలబడి ఫోన్ చేశారు: ‘సార్, ఇక్కడ పైలట్ లేడు.’

ఉండడు కదా. పైలట్ వదిలేశాక విమానం ఎటు పోతుందో ఎవరి చేతిలోనూ ఉండదు. 1989 జులై 4న పోలండ్‌లో ఒక సోవియట్ మిగ్-23 పైలట్ ఇంజిన్ పోయిందనుకుని దూకేశాడు. ఖాళీ విమానం తనంతట తాను 900 కిలోమీటర్లకు పైగా ఎగిరి బెల్జియంలో ఒక ఇంటి మీద పడింది, ఒక కుర్రాడు చనిపోయాడు. 2023 సెప్టెంబర్ 17న అమెరికాలో ఎఫ్-35 పైలట్ ఒకతను నార్త్ చార్లెస్టన్‌లో ఓ ఇంటి పెరట్లో దిగాడు. ఆ ఇంటివాళ్లు అత్యవసర నంబరుకు ఫోన్ చేసి ‘మా ఇంట్లో పైలట్ ఉన్నాడు’ అంటే అవతలివాళ్లకు అర్థం కాలేదు. పైలట్ దొరికాడు గానీ విమానమే దొరకలేదు. మరునాడు ఎక్కడో తొంభై కిలోమీటర్లకు పైగా దూరంలో శకలాలు కనబడ్డాయి.

మనిషి కంటికి పొగ ఇంపైన ఆనవాలు, దాన్ని తిట్టి లాభం లేదు. నిజమైన ప్రమాదంలో అక్కడికీ కొందరు పోవాలి. కానీ గుంపును ఆపడానికి, కాపలాకు. కార్బన్ ఫైబర్ కాలిన పొగ ఊపిరితిత్తులకు మంచిది కాదు, గాలి వచ్చే వైపే నిలబడాలి. సీటు విడిగా ఎక్కడైనా పడి ఉంటే పసుపు నలుపు పట్టీల హ్యాండిల్ కనబడుతుంది, దాన్ని ముట్టుకోకూడదు. లోపల సీటును పైకి విసిరే మందు గుళికలు, కార్ట్రిడ్జ్‌లు, పేలకుండా మిగిలి ఉండొచ్చు. ఆరుగురు చాలు ఆ పనికి. ఇరవై రెండు మంది అక్కర్లేదు.

ఈశాన్యం గాలి

ఇప్పుడు నా తప్పు దగ్గరికొస్తాను.

పారాచూట్ కింద మనిషి సెకనుకు సుమారు 6 మీటర్లు దిగుతాడనుకుందాం. 2,400 మీటర్ల ఎత్తు నుంచి అంటే 400 సెకన్లు, ఏడు నిమిషాలకు కాస్త తక్కువ. 18 నాట్ల గాలి అంటే సెకనుకు సుమారు 9 మీటర్లు. 400 సెకన్లలో గాలి అతన్ని 3,600 మీటర్లు పక్కకు తీసుకుపోతుంది. లెక్క ఇంత సులువు. నిజానికి ఎత్తును బట్టి గాలి మారుతుంది, విమానం వేగం మనిషిని మొదట కొంత ముందుకు విసురుతుంది. అయినా మొదటి గీత గీయడానికి ఈ లెక్క చాలు.

మ్యాప్ టేబుల్ దగ్గర డిగ్రీ చదివే అమ్మాయి కూర్చుంది. చురుకైన పిల్ల. నేను వాకీటాకీలో ‘గాలి ఈశాన్యం, మూడు పాయింట్ ఆరు’ అన్నాను. వాతావరణం వాళ్ల పద్ధతిలో గాలి పేరు అది వచ్చే దిక్కును చెబుతుంది. ఈశాన్యం గాలి అంటే ఈశాన్యం నుంచి వీచేది, కాబట్టి పైలట్ నైరుతికి కొట్టుకుపోతాడు. వైమానిక దళంలో ఉన్న ఇరవై ఏళ్లలో అది నాకు అలవాటైపోయి, చెప్పాల్సిన సంగతి అని కూడా తోచలేదు. ఆ అమ్మాయి ‘గాలి ఈశాన్యం’ అంటే ఈశాన్యానికి పోతోంది అనుకుంది. ఎందుకనుకోకూడదు? నేను ‘నుంచి’ అనలేదు. బాణం ఈశాన్యానికి గీసింది. పొగకు పోని తొమ్మిది మందిలో ఏడుగురు ఆ బాణం కొసకు వెళ్లారు. ఉండాల్సిన చోటికీ వాళ్లు వెతుకుతున్న చోటికీ ఏడు కిలోమీటర్ల పైన తేడా.

అక్కడ రెండు గంటలు గడిచాయి. ఎండిన టేకాకు మీద ఒక్కో అడుగూ అప్పడం విరిగినట్టు చప్పుడు. పడిపోయిన చెట్లున్న దగ్గర ఒక్కో మాను ఎక్కి దిగాలి, కొమ్మల కింద దూరాలి. మ్యాప్ మీద చిటికెన వేలంత దూరానికి గంట పట్టింది. ఒకడి ప్యాంటు మోకాలి దగ్గర చిరిగింది, ఒకడికి తేనెటీగ కుట్టింది.

తప్పు పట్టింది మాలో ఎవరూ కాదు. పక్క ఊరి రైతు ఒకాయన టీ ఇవ్వడానికి టెంటులోకొచ్చి మ్యాప్ చూశాడు. బాణం మీద వేలు పెట్టి అడిగాడు:

‘ఇదేంది సారూ?’

‘గాలి, పెద్దాయనా. పైలట్ ఇటు కొట్టుకుపోయాడన్నట్టు.’

ఆయన టెంటు బయటికి పోయి, గుప్పెడు దుమ్ము పైకి విసిరి చూసి లోపలికొచ్చాడు. ‘గాలి యేడికెళ్లి యేడికి కొడ్తుంది? నీ కాగితం మీద గాలి ఉల్టా పోతుంది గదా బిడ్డా’ అన్నాడు ఆ అమ్మాయితో.

టైమ్ 9.50. ఆ అమ్మాయి ముఖం ఎర్రబడింది. నేను వాకీటాకీ పక్కన పెట్టి ఆ అమ్మాయికి చెప్పాను, ‘తప్పు నీది కాదమ్మా, నాది’ అని. ఊళ్లో ఎవర్ని అడిగినా పడమటి గాలంటే ఎటు నుంచి వస్తుందో చెప్తారు, నాట్లప్పటి నుంచి తూర్పార పట్టేదాకా వాళ్ల పని గాలితోనే. కానీ ‘ఈశాన్యం’ అనేది వార్తల్లో వినే మాట, చేల్లో మాట కాదు. అప్పటి నుంచి మా దగ్గర గాలి గురించి ఎవరు చెప్పినా ‘ఎక్కడి నుంచి – ఎక్కడికి’ రెండూ చెప్పాలి. ‘ఈశాన్యం నుంచి నైరుతికి.’ విన్నవాడు అదే తిరిగి చెప్పాలి. వాకీటాకీలో ఒక సెకను ఎక్కువ పడుతుంది, పట్టనీ.

వేలు పెట్టి చూపించమనడం

ముగ్గురు స్థానికులను సాక్షుల వేషానికి ముందే ఒప్పించాను. హైవే మీద బైకుపై వెళ్తున్న టీచరు, పత్తి ఏరుతున్న అమ్మ, చెరువులో వల వేసే ఆయన. ఎవరు ఎటు చూశారో నేను చెప్పి పెట్టాను. మా వాళ్లు వాళ్లను టెంటులోకి పిలిచి కూర్చోబెట్టి, టీ ఇచ్చి, కాగితం మీద రాసుకున్నారు. పత్తి అమ్మ చెప్పింది: ‘తాటిచెట్టుకు ఎడమ పక్క దిగింది.’ రాసుకున్నారు. ఆ తాటిచెట్టుకు ఎడమ ఏదో ఆమె నిలబడ్డ చోటు తెలియకుండా ఎలా తెలుస్తుంది? టీచరు మాట ఇంకా మజా: ‘ఆ గుట్ట వెనకాలే పడింది.’ ఆకాశంలో దిగేదేదైనా చూసేవాడికి ‘ఆ గుట్ట వెనకాలే’ పడుతుంది. చివరగా కనబడింది అక్కడే కాబట్టి. నిజంగా అది గుట్టకు అర కిలోమీటరు అవతలైనా ఉండొచ్చు, పదిహేను కిలోమీటర్లైనా ఉండొచ్చు.

అందుకని దూరం అడగొద్దు, దిక్కే అడగాలి. మనిషిని తిరిగి అదే చోటికి తీసుకుపోవాలి. పత్తి అమ్మను ఆమె నిలబడ్డ సాలులోనే నిలబెట్టాం. ‘అమ్మా, అప్పుడు మీరెట్లున్నారో అట్లనే నిలబడి, చివరికి ఎక్కడ కనబడకుండా పోయిందో వేలు పెట్టి చూపించండి’ అన్నాం. ఆమె వెనక నిలబడి చెయ్యి చాచిన దిక్కును కంపాస్‌తో చదివాం. మన దగ్గర అయస్కాంత ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా డిగ్రీ అటూఇటూ, లెక్కలోకి తీసుకోనక్కర్లేదు. ముగ్గురి దగ్గరా అలాగే చేసి మ్యాప్ మీద మూడు గీతలు గీశాం. మూడూ ఒక్క చుక్కలో కలవవు, ఎప్పుడూ కలవవు. చిన్న త్రిభుజం మిగులుతుంది. ఐదు కిలోమీటర్ల దూరంలో ఐదు డిగ్రీల తప్పు జరిగితే పక్కకు 440 మీటర్లు పోతుంది. మా త్రిభుజం ఏడు వందల మీటర్ల లోపే వచ్చింది, గాలి లెక్క చెప్పిన నైరుతి చోటికి దగ్గర్లోనే.

రెండు వేరు దారుల్లో వచ్చి ఒకే చోట కలిసినప్పుడు కలిగే ధైర్యం వేరు. టెంటులో అందరూ ఒక్కసారిగా లేచారు.

ఈ పని మొదట చేసి ఉంటే గాలి బాణం తప్పని ఏడున్నరకే తెలిసేది. చేయలేదు. సైన్స్ లెక్క ముందు, ఊరివాళ్ల మాట తర్వాత అన్న క్రమం నేనే పెట్టాను.

ఫోన్ వీడియోల గురించి కూడా చెప్పాలి. ఈ రోజుల్లో పారాచూట్ దిగితే కనీసం నలుగురు వీడియో తీస్తారు. వాట్సాప్‌లో ఫార్వర్డ్ అయిన వీడియోలో తీసిన టైమ్, చోటు వివరాలు పోతాయి. తీసినవాడి ఫోనే కావాలి, తీసిన చోట వాడే కావాలి.

గుడ్డ దొరికింది, మనిషి లేడు

కొలత టేపు యాంటెన్నాతో వెళ్లిన ఇద్దరు 11.20కి పారాచూట్ దగ్గరకు చేరారు. యాంటెన్నా లేని మూడోవాడు పాత చిట్కా చేశాడు. చేతి రేడియోను ఛాతీకి ఆనించి మెల్లగా చుట్టూ తిరిగాడు. సిగ్నల్ బాగా తగ్గిపోయినప్పుడు మన శరీరం అడ్డొచ్చినట్టు, ట్రాన్స్‌మిటర్ వీపు వైపు ఉన్నట్టు. అది కూడా పనిచేసింది, నాకే ఆశ్చర్యం.

గుడ్డ చెట్టుకుంది. ట్రాన్స్‌మిటర్ చెట్టు కింద ఉంది. కుర్రాడు లేడు.

కుర్రాడికిచ్చిన కార్డులో ఇలా ఉంది: నడుము దెబ్బతింది, నెమ్మదిగా నడవగలవు, రెండు గంటల తర్వాత నీకు ఏది సరి అనిపిస్తే అది చెయ్యి. నేను అనుకున్నది వాడు అక్కడే ఉంటాడని. తొమ్మిదింటికి దాహమేసి వాడు వాగు వెతుక్కుంటూ పల్లానికి పోయాడు.

ఎటు పోయి ఉంటాడు? అప్పుడు చింతగింజలు పంచాను. జట్టు నాయకులు ఎనిమిది మంది, తలా ఇరవై గింజలు. చుట్టుపక్కల అడవిని మ్యాప్ మీద గడులుగా గీశాం. ఎవరికి ఏ గడిలో ఎంత నమ్మకమో అన్ని గింజలు పెట్టాలి, ఒకరిని చూసి ఒకరు పెట్టకూడదు. అందుకని ఒక్కొక్కర్నీ విడిగా పిలిచాం. ఒకడి మొండితనం మిగతావాళ్లను లాక్కుపోకుండా ఉండటానికి ఇది గాలింపు జట్లలో పాత పద్ధతే, చింతగింజలు మాత్రం మావి. ఎక్కువ గింజలు గుట్ట మీద గడిలో పడ్డాయి. ఫోన్ సిగ్నల్ కోసం పైకెక్కి ఉంటాడని పట్నం పిల్లల లెక్క. వాగు గడి రెండో స్థానం. ములుగు నుంచి వచ్చిన ఇద్దరు అమ్మాయిలు దాదాపు అన్నీ వాగులోనే పోశారు. నేను ఎక్కువ గింజల మాటే విని గుట్టకు పంపాను. గంట పోయింది.

ఆ గంటలోనే అసలు విషయం జరిగింది. 11.45కి మా జట్టు ఒకటి గూడెం దగ్గర ఒక మేకల కాపరిని అడిగింది: ‘తాతా, విమానం కూలడం చూశావా? పారాచూట్ దిగడం చూశావా?’ ఆయన లేదన్నాడు. నోట్‌బుక్‌లో ‘సాక్షి ఏమీ చూడలేదు’ అని రాసుకుని వెళ్లిపోయారు.

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఏ విమానమూ కూలలేదు, ఏ పారాచూటూ దిగలేదు. ఆయన చూసింది తెల్లారుజామున నలుగురు పట్నపోళ్లు చెట్టుకు రంగు గుడ్డ కట్టడం. పది గంటలప్పుడు వాగు ఒడ్డున నారింజ రంగు బట్టలేసుకున్న ఓ పిల్లోడు పడుకుని ఉండటం. ఇవెవరూ అడగలేదు. పైగా మా జట్టులో ఒకడు ఖాకీ ప్యాంటు వేసుకున్నాడు. ఈ అడవుల్లో ఖాకీకి ‘ఏమీ చూడలేదు’ అని చెప్పడం ఎన్నో ఏళ్లుగా ఒంటికి పట్టిన జాగ్రత్త. అది మనం తిట్టాల్సిన విషయం కాదు, తెలుసుకుని నడుచుకోవాల్సిన విషయం.

12.50కి ఆ ఊరి ఆశా అక్కను బతిమాలి గూడేనికి తీసుకెళ్లాం. ఆమె ఆయన పక్కన అరుగు మీద కూర్చుంది. ముందు మనవరాలికి జ్వరం తగ్గిందా అని అడిగింది. తర్వాత, ‘పొద్దుగాల్నుంచి అడవిల కొత్తగ ఏమన్న కండ్లబడ్డదా?’ అంది. ఆయన తాపీగా అన్నీ చెప్పాడు. చివర్లో, ‘గా పిలగాడు పన్నడు. పానం బాగలేదేమో అని లేపలే’ అన్నాడు.

1.15కి కుర్రాడు దొరికాడు. గుడ్డ ఉన్న చోటికి ఆరు వందల మీటర్ల దూరంలో, వాగు ఒడ్డున, గాఢ నిద్రలో. మా వాళ్లు అంతకు గంట ముందే రెండు వందల మీటర్ల దగ్గర్నుంచి విజిల్ ఊదుకుంటూ పోయారట. ఊదినవాళ్లు ఆగి వినలేదు, ఎండాకు చప్పుడులో తమ విజిలే తమకు సరిగా వినబడలేదు. ఇప్పుడు మూడుసార్లు ఊదాక అందరూ మూడు నిమిషాలు ఎక్కడివాళ్లక్కడ కదలకుండా నిలబడాలి. నిద్రలో ఉన్నవాడు అప్పటికీ పలకడు, స్పృహ లేనివాడూ పలకడు. అది వేరే సమస్య, విజిల్‌తో తీరేది కాదు.

నులక మంచం

దొరికాక మరో పది నిమిషాల సినిమా జరిగింది. ‘నడుము దెబ్బ’ అన్న కార్డు మెడలో వేలాడుతుండగానే ఇద్దరు చంకల కింద చేతులేసి లేపి కూర్చోబెట్టారు. ఒకరు బాటిల్‌తో నోట్లో నీళ్లు పోశారు. గూడెం నుంచి ప్రేమగా నులక మంచం తెచ్చారు.

ఎజెక్షన్ సీటు రాకెట్‌లా పైకి తన్నుతుంది. అప్పుడు వెన్నెముక మీద పడే బరువు మామూలు బరువుకు పది రెట్ల పైనే. బతికి బయటపడ్డ పైలట్లలో చాలామందికి వెన్నుపూస నలిగి ఉంటుంది, నడుస్తున్నా సరే. అతన్ని లేపకూడదు, కూర్చోబెట్టకూడదు. మెడ కదలకుండా పట్టుకుని, నలుగురు ఒకేసారి దుంగలా పక్కకు దొర్లించి కింద గట్టి పలక జారించాలి. నులక మంచం మధ్యలో ఉయ్యాలలా కుంగుతుంది, నడుము విరిగినవాడికి అంతకన్నా చెడ్డది లేదు. ఊళ్లో దొరికే మంచి స్ట్రెచర్ ఇంటి తలుపు. కమ్ముల నుంచి ఊడదీసి తేవాలి. తలుపు ఊడదీస్తామంటే ఎవరూ వద్దనరు, అడిగి చూశాను. చెట్టుకు తాళ్లతో వేలాడుతూ దొరికితే తొందరగా దించాలి. కదలకుండా ఎక్కువసేపు వేలాడితే కాళ్లలో రక్తం నిలిచిపోయి స్పృహ తప్పుతుంది. అలాగని తాళ్లు కోసేసి దబ్బున పడేయకూడదు.

సాయంత్రం టీ దగ్గర కుర్రాణ్ని అడిగాను, గుడ్డ వదిలి ఎందుకు పోయావని. ‘దాహమేసింది సార్. ఎవరూ రావట్లేదు. వాగు వెంట పోతే ఊరొస్తుందని ఫోన్‌లో చూశాను’ అన్నాడు. సర్వైవల్ ప్యాక్‌లో నీళ్లుంటాయి కదా, అని నా నోటి దాకా వచ్చింది. ఏ ప్యాక్? పైలట్ దిగేటప్పుడు తాడుతో కింద వేలాడుతూ అతనికన్నా ముందు నేల తాకే ఆ ప్యాక్‌ను ఇరవై ఏళ్లు నా చేత్తో సర్దాను. నీళ్ల ప్యాకెట్లు, అద్దం, ఫ్లేర్, విజిల్, ఏది ఎక్కడ పెట్టాలో కళ్లు మూసుకుని చెప్పగలను. డ్రిల్ కోసం గుడ్డ కుట్టించాను, ట్రాన్స్‌మిటర్ పెట్టించాను, పొగ కూడా పెట్టించాను. ప్యాక్ ఒక్కటే మర్చిపోయాను. దాహంతో ఉన్నవాణ్ని చెట్టు కింద కూర్చోమని ఎలా అంటాను?

బోస్నియాలో 1995 జూన్ 2న కూలిన ఎఫ్-16 పైలట్ ఆరు రోజులు శత్రువుల మధ్య దాక్కుని బతికాడు. అతనిది దాక్కోవాల్సిన పరిస్థితి, మనది కనబడాల్సిన పరిస్థితి. మన నేల మీద పడ్డవాడు పారాచూట్ గుడ్డను ఖాళీ జాగాలో పరిచి దాని పక్కనే ఉండాలి. అలా ఉండాలంటే దగ్గర నీళ్లుండాలి.

ఎండాకాలం రాకముందే రెండో డ్రిల్ పెట్టాం. ఈసారి ప్యాక్ ఉంది, లోపల రెండు లీటర్ల నీళ్లు, విజిల్, అద్దం. మొదటి అరగంటలోనే సాక్షులను వాళ్ల చోట్లకు తీసుకెళ్లి దిక్కులు చదివారు. గాలి ‘నుంచి – కి’ రెండూ చెప్పారు. ఆశా అక్క పొద్దునే గూడెంలో ఉంది, ఖాకీ ఎవరూ వేసుకోలేదు. రెండు గంటల యాభై నిమిషాల్లో పైలట్ దొరికాడు, పడుకోబెట్టి తలుపు చెక్క మీద తెచ్చారు. నాకు కళ్లు చెమర్చినంత పనైంది.

ఆ సంతోషంలో పొగ సంగతి ఎవరికీ గుర్తు లేదు. ఈసారి అటు ఒక్కడూ పోలేదు. మధ్యాహ్నం నేను వెళ్లి చూస్తే, సీటు అని చెప్పి పొలంలో పెట్టిన పాత బస్సు సీటు మీద ఊరి పిల్లలు ముగ్గురు కూర్చుని ఉన్నారు. పసుపు నలుపు రంగు వేసిన హ్యాండిల్‌ను ఇద్దరు పిల్లలు చెరో పక్కా లాగుతుంటే మూడోవాడు వీడియో తీస్తున్నాడు.